కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరబోతున్నాను. కథలు రాసే అలవాటు నిలుస్తుందా?

ప్రశ్న: పలమనేరు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది పలమనేరుకు దగ్గరలో ఒక పల్లెటూరు. చిత్తూరులో డిగ్రీ పూర్తిచేశాను. 2022 నవంబరులో ప్రకటన వెలువడిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల నియామకం రకరకాల అడ్డంకులు దాటుకొని 2025 ఆగస్టులో తుది ఫలితాల దాకా వచ్చింది. అందులో నేను సివిల్ కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. ఆ ఫలితాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న కాలంలో, ఊరికే ఉంటే ఇంట్లోవాళ్ళ ముఖం చూడలేక, కథలు రాయడం మొదలుపెట్టాను. ఒకటి ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చయింది. మిగతావాటిలో కొన్ని తిరిగివచ్చాయి, కొన్నింటి సంగతి తెలియనే లేదు. సగం దాకా వచ్చి ఆగిపోయిన నేరపరిశోధన నవల కూడా ఒకటి ఉంది. దాన్ని చదివిన ఒక పత్రిక ఉపసంపాదకుడు "మీ పోలీసులు సినిమాలో నుంచి దిగివచ్చినట్టున్నారు, నిజం స్టేషన్‌లో ఎవరూ ఇలా మాట్లాడరు" అని చెప్పారు.

ఇప్పుడు నిజం స్టేషన్‌కే వెళ్ళబోతున్నాను కనుక ఆ కొరత తీరుతుందని నా ఆశ. మా మేనమామ మాత్రం "ఖాకీ తొడిగిన ఏడాదికే నీ చేతికి పెన్ను బరువవుతుంది, చూస్తూండు" అంటున్నారు. ఆయన తిరుమలలో హోంగార్డుగా పనిచేస్తున్నారు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేకపోతున్నాను. ఈ శాఖలో పనిచేసినవారు, పనిచేస్తూ రాసినవారు, కనీసం పోలీసు కథలు శ్రద్ధగా చదివినవారు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ ఉద్యోగం రాయాలనుకునేవాడికి నిజంగా ఏమిస్తుంది? కళ్ళముందు జరిగినదాన్ని కథగా రాస్తే శాఖ ఊరుకుంటుందా? ఎస్సై పరీక్షకు మళ్ళీ చదవమని ఇంట్లో అంటున్నారు, ఆ చర్చ ఇక్కడ వద్దు. నాకు రాత గురించి మాత్రమే తెలుసుకోవాలని ఉంది.

జవాబు: విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, తిరుపతి

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. నేను కొండమీదా కిందా పలు స్టేషన్లలో పనిచేశాను. సర్వీసులో ఎక్కువ కాలం రైటర్ డ్యూటీలోనే, అంటే స్టేషన్‌లో ఫిర్యాదులూ రికార్డులూ రాసే పనిలోనే గడిచింది. రిటైరయ్యాక కొన్ని కథలు రాశాను. అందుకని నీ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

నువ్వు హత్యల కోసం, దొంగల కోసం ఈ ఉద్యోగంలోకి వస్తున్నట్టయితే నిరాశపడతావు. స్టేషన్‌కు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పోయిన సెల్‌ఫోన్లు, గట్టు తగాదాలు, తాగి ఇంటికొచ్చిన మొగుళ్ళు, బస్టాండులో తెగిన సంచులు. పెద్ద నేరం జరిగినా నీకు దక్కే పాత్ర తాడు కట్టిన చోట నిలబడి జనాన్ని వెనక్కి నెట్టడమే. ఈ ఉద్యోగం రాసేవాడికిచ్చే అసలు సరుకు ఎదుటి మనిషి చెప్పేదాన్ని కాగితం మీదికి దించే పని. అది ప్రతిరోజూ ఉంటుంది. ఎవరి జీవితంలోనైనా అతి చెడ్డ రోజున వాళ్ళెదుట కాగితం పెట్టుకొని కూర్చునేవాడు మనవాడే.

ఒక ఉదాహరణ చెబుతాను. పాకాల వైపు నుంచి ఒక రాత్రి ఒక పెద్దావిడ ఆవు పోయిందని వచ్చింది. ఆమె ఆవు దగ్గర మొదలుపెట్టలేదు. భర్త పోయిన ఏడు దగ్గర మొదలుపెట్టి, పాల కేంద్రంలో తీసుకున్న అప్పు, దాన్ని తీర్చడానికి కొడుకు బెంగళూరు వెళ్ళిన సంగతి, కోడలు ఫోను ఎత్తకపోవడం, అన్నీ చెప్పుకుంటూ వచ్చి చివర ఆవు దగ్గర ఆగింది. నేను రాసింది మాత్రం ఇలా ఉంది: ఫలానా తేదీ రాత్రి సుమారు 11 గంటల తర్వాత తన ఇంటి ముందు పాకలో కట్టివేసిన, నలుపు మీద తెల్ల మచ్చలు గల, సుమారు 5 సంవత్సరాల వయసు గల, సుమారు రూ. 45,000 విలువ చేసే పాడి ఆవును గుర్తుతెలియని వ్యక్తులు దొంగిలించుకొని పోయినారు, కావున తగు చర్య తీసుకోవలసినదిగా కోరుతున్నాను. ఫిర్యాదును చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అది చట్టం పెట్టిన నియమం. నేను చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకొని, "నేను చెప్పింది ఇంతేనా నాయనా?" అని అడిగింది. కట్టుకొయ్య దగ్గర దూడ అరుస్తూ ఉంటే ఇంట్లో ఉండలేక ఆ రాత్రివేళ బయలుదేరి వచ్చానని ఆమె చెప్పిన మాట ఎఫ్ఐఆర్‌లో ఎక్కడ పడుతుంది? పడకూడదు కూడా. ఆ కాగితం దర్యాప్తుకు కావలసింది, అందులో వేళ, చోటు, గుర్తులు ఉంటే చాలు. కానీ కథ రాయాలనుకునేవాడికి ఆ కాగితం నుంచి జారిపోయిన మాటలే పెట్టుబడి. రెండు పనుల తేడా నాకు తెలిసింది అక్కడే. ఫిర్యాదు రాయడం వల్ల అనవసరమైన మాటను తీసేసే అలవాటు అబ్బుతుంది. రాసిన తర్వాత తీసేసిన మాటల్ని మళ్ళీ ఏరుకునే అలవాటు మాత్రం నువ్వే చేసుకోవాలి, దానికి శాఖ శిక్షణ ఇవ్వదు.

రెండోది చూపు. తిరుపతిలో ఎవరి తాలూకో తెలియని శవాలు ఎక్కువగా దొరుకుతాయి. దేశం నలుమూలల నుంచి వచ్చేవారిలో తిరిగి వెళ్ళకూడదని వచ్చేవారూ, ఇంట్లోవాళ్ళు వదిలివెళ్ళిన ముసలివాళ్ళూ ఉంటారు. శవపంచనామా రాసేటప్పుడు గాయాలతో పాటు ఒంటిమీది బట్టలు, మొలతాడు, పచ్చబొట్టు, జేబులో కాగితాలు, అన్నీ చూసి రాయాలి. చొక్కా కాలరు వెనక టైలరు చీటీ ఉంటే ఊరు దొరికినట్టే. గుండు ఉంటే, వెంట్రుక ఎంత మొలిచిందో చూసి కల్యాణకట్టకు వెళ్ళి ఎన్నాళ్ళయిందో అంచనా వేసేవాళ్ళం. ఈ మనిషిని చివరిసారి ప్రాణాలతో చూసినది ఎవరు అని పంచనామాలో రాయవలసి ఉంటుంది. రుయా ఆసుపత్రి మార్చురీ బయట నిలబడి ఆ గడిలో "తెలియదు" అని రాసిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఒక పాత్రను పరిచయం చేయడానికి ముక్కు, కళ్ళు, రంగు వర్ణిస్తూ పేజీ నింపే అలవాటు నీకు ఉంటే ఈ పనిలో దానంతటదే పోతుంది.

మూడోది బందోబస్తు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రి మాడవీధిలో నిలబడ్డ కానిస్టేబుల్ వాహనాన్ని చూడడు. స్వామికి వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి నిలబడతాడు. మా అమ్మ ఒకసారి "గరుడసేవ ఎలా జరిగిందిరా?" అని అడిగితే నేను చెప్పగలిగింది ముందు వరుసలో ఉన్నవాళ్ళ ముఖాలు ఎలా మారాయో మాత్రమే. వాహనం దగ్గరికి వచ్చే కొద్దీ మాటలు ఆగిపోయి, చేతులు పైకి లేచి, పక్కవాణ్ని తోసినవాడే వాడి బిడ్డను భుజానికెత్తుకోవడం చూశాను.

ఇక నష్టం సంగతి. భాష గట్టిపడుతుంది. "సదరు", "అట్టి", "పైన తెలిపిన" అన్న మాటలు వేళ్ళలోకి ఎక్కేస్తాయి. మా అమ్మాయి హాస్టల్లో ఉన్నప్పుడు నేను రాసిన ఉత్తరంలో "సదరు విషయమై" అని పడిందని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకొని నవ్వుతారు. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే: డ్యూటీ దిగిన రోజున ఏదైనా మంచి తెలుగు కథ రెండు పేజీలైనా బిగ్గరగా చదవడం. మన జిల్లా మాటతీరును కథలోకి తెచ్చిన పెద్దలు ఉన్నారు, వారితో మొదలుపెట్టు. సమయం గురించి మీ మామ చెప్పింది నిజమే. 2019లో వారాంతపు సెలవు ప్రకటించారు గానీ, పండగలూ వీఐపీల రాకలూ ఉన్న ఊళ్ళో దాన్ని నమ్ముకొని నవల ప్రణాళిక వేసుకోవద్దు.

జవాబు: చిత్తూరు న్యాయవాది

హెడ్ కానిస్టేబుల్ గారు చెప్పినదానికి కోర్టు వైపు నుంచి కొంత చేర్చాలి. నేను క్రిమినల్ కేసులు చూసే వకీలును, కథలు రాయను, చదువుతాను.

దర్యాప్తులో సాక్షి చెప్పినదాన్ని పోలీసులు రాసే వాంగ్మూలం ఇదివరకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 161వ సెక్షన్ కింద ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాక అది 180వ సెక్షన్ అయింది. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు. విచారణలో దాన్ని సాక్షి మాటలోని వైరుధ్యాన్ని చూపించడానికే వాడుకోగలం. అందుకే మేము అడ్డుపరీక్షలో "ఈ సంగతి మీరు పోలీసులకు చెప్పలేదు కదా" అని పదేపదే అడుగుతూ ఉంటాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక కేసులో సాక్షుల వాంగ్మూలాలు వరుసగా చదివితే రాయాలనుకునేవారికి ఒక విచిత్రం కనబడుతుంది. వి.కోట రైతు, నగరి మగ్గం కార్మికుడు, పలమనేరు సంతలో పండ్లమ్మే ముస్లిం మహిళ, ముగ్గురూ అచ్చం ఒకే వాక్యం చెప్పి ఉంటారు. మొదటివాడి తెలుగులో కన్నడం, రెండోవాడి తెలుగులో తమిళం ఉంటాయి, మూడో ఆవిడ ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఆ ముగ్గురూ బోనులోకి ఎక్కి నోరు విప్పినప్పుడు గానీ వాళ్ళు వేరువేరు మనుషులని కాగితం చూసినవాడికి తెలియదు. మీకు వీలైనప్పుడల్లా కోర్టు డ్యూటీ వేయించుకోండి. సాక్షిని పిలిచేదాకా వరండాలో కూర్చొని వినండి. సెషన్స్ కోర్టు హాలుకన్నా ఆ వరండాలోనే కథలు ఎక్కువ.

రెండో ప్రశ్నకు వస్తాను. పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం 1966లో వచ్చింది. దాని ప్రకారం పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా పత్రికలతో సంప్రదించడం, పుస్తకంగానీ లేఖగానీ ప్రచురించడం నిషిద్ధం. అయితే అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది: విధినిర్వహణలో భాగంగా చేసినదీ, పూర్తిగా సాహిత్య, కళా, శాస్త్ర స్వభావం గలదీ నిషేధం కిందికి రాదు. అంటే కథ రాయడం నేరం కాదు, శాఖ మీద వ్యాసమో ఆరోపణో రాస్తే మాత్రం చిక్కు. ఉల్లంఘనకు 2 సంవత్సరాల దాకా జైలు శిక్ష పడవచ్చు. దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది ఉంది. పుస్తకం వేసేముందు దాన్ని ఒకసారి చదివి, పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ నకలు దగ్గర పెట్టుకోండి. దర్యాప్తు అధికారి రోజువారీగా రాసే కేసు డైరీని నిందితుడికే చూపించరు, అందులోది కథలోకి తేవాలని ఊహించనైనా వద్దు.

అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ వర్తిస్తుంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం ఇంకా కఠినం. పేరు మార్చితే సరిపోతుందని రచయితలు అనుకుంటారు. చిన్న మండలంలో పేరు మార్చడం వల్ల ఏమీ దాగదు: ఊరి చివర మామిడితోట, ఇద్దరు ఆడపిల్లలు, తండ్రి లారీ డ్రైవరు అని మూడు ముక్కలు రాస్తే చాలు, ఆ చుట్టుపక్కల అందరికీ ఇల్లు తెలిసిపోతుంది. మార్చవలసింది ఆ మూడు ముక్కలనే.

జవాబు: మహిళా హెడ్ కానిస్టేబుల్

నేను ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి స్టేషన్ పేరు చెప్పను. పైన సార్ చెప్పినది చాలావరకు నా అనుభవంలోనూ నిజమే గానీ, ఒక్క విషయంలో నా ఆలోచన వేరు. స్టేషన్‌లో కూర్చొని వింటే మనుషులు తెలుస్తారన్నట్టు వారు రాశారు. స్టేషన్‌లో మనుషులు చెప్పేది స్టేషన్‌కు తగినట్టుగా తయారుచేసుకొని వచ్చిన మాట. అది అబద్ధమని నేను అనను. కానీ ఊళ్ళో పెద్దమనుషులు ఒకసారి, అన్నదమ్ములు ఒకసారి, గేటు బయట తెలిసినాయన ఒకసారి దిద్దిన తర్వాత మాకు చేరుతుంది.

భార్యాభర్తల తగాదాల్లో కేసు కట్టేముందు ఇరువైపులవారినీ పిలిపించి కౌన్సెలింగ్ చేస్తాం. ఒక అమ్మాయి పుట్టింటివాళ్ళ మధ్య కూర్చొని, కట్నం గురించి, కొట్టిన దెబ్బల గురించి వరుసగా, తడుముకోకుండా చెప్పింది. అదే అమ్మాయి మధ్యాహ్నం నాతో పాటు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చి, ఎవరూ లేనప్పుడు, "మేడం, ఆయన నాతో ఎనిమిది నెలలుగా మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే పాపతో చెప్పించేవాడు" అంది. అది ఆ అమ్మాయి ఫిర్యాదులో లేదు. ఏ సెక్షన్ కిందికీ రాని సంగతి ఫిర్యాదులో ఎందుకుంటుంది? కానీ ఆ ఇంట్లో జరిగినది ఏమిటో నాకు ఆ కుళాయి దగ్గరే అర్థమైంది. తమ్ముడూ, మీరు మగవారు కాబట్టి ఇలాంటి మాట మీ చెవిన పడే అవకాశం ఇంకా తక్కువ. కొన్ని నేరాల్లో మహిళ వాంగ్మూలాన్ని మహిళా అధికారే రాయాలని చట్టం చెబుతుంది కూడా. కనుక స్త్రీ పాత్రను రాసేటప్పుడు, స్టేషన్‌లో చూశాను కాబట్టి నాకు తెలుసు అన్న ధీమా పెట్టుకోవద్దు. మీ ఇంట్లోవాళ్ళను, మీతో పనిచేసే మహిళా కానిస్టేబుళ్ళను వినండి. ప్రసవమై కొన్ని నెలలే అయిన అమ్మాయి పన్నెండు గంటల బందోబస్తులో బాత్రూమ్ దొరక్క నీళ్ళు తాగకుండా నిలబడడం గురించి ఇంతవరకు నేను ఒక్క కథా చదవలేదు.

మరొక సంగతి. చెడ్డ సంఘటన చూసి వచ్చాక స్టేషన్‌లో మేము జోకులు వేసుకుంటాం. బయటివాళ్ళు వింటే రాయి గుండెలు అనుకుంటారు. అవి లేకపోతే మరుసటి రోజు డ్యూటీకి రాలేం. అయితే ఆ జోకు అలవాటైపోతే, ఇలాంటి కేసులు ఎన్నో చూశాం అనే ధోరణి వచ్చేస్తుంది. అప్పుడు కథలోని మనిషి కూడా ఒక రకం కేసుగా మిగిలిపోతాడు. నేను పద్యం లాంటివి ఏవో ఫోనులో రాసుకుంటూ ఉంటాను. చిన్నపిల్లల కేసుల గురించి మాత్రం ఏమీ రాయను. వకీలు గారు చెప్పిన చట్టం ఒక కారణం. చట్టం లేకపోయినా రాయను.

జవాబు: కథల పాఠకురాలు, తిరుపతి

నేను తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. చర్చ ఆసక్తిగా సాగుతోంది గానీ, అనుభవం ఉంటే చాలు రచన వస్తుందన్న భావం అందరి మాటల్లోనూ కొద్దికొద్దిగా ఉంది. పోలీసు ఉద్యోగంలో లక్షల మంది ఉన్నారు, అందులో రచయితలు కొద్దిమందే. మన భాషలో రావులపాటి సీతారామారావు గారు పోలీసు అధికారిగా ఉంటూనే కథలూ నవలలూ రాశారు. బెంగాలీలో కలకత్తా పోలీసు డిటెక్టివ్ ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1892లోనే తాను దర్యాప్తు చేసిన కేసుల్ని నెలనెలా కథలుగా ప్రచురించడం మొదలుపెట్టారు. వారికి నేరపరిశోధన రచన పట్టుబడింది. జార్జ్ ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు ఉద్యోగం చేశాడు గానీ, ఆ అనుభవంతో నేరపరిశోధన కథలు రాయలేదు. తన చేతిలోని అధికారం తనను ఏం చేసిందో రాశాడు. అందుకు ఉద్యోగం వదిలిపెట్టవలసి వచ్చింది. మీరు వదిలిపెట్టాలని నేను అనడం లేదు. మీకు జీతం అవసరమని మీ ప్రశ్నలోనే కనబడుతోంది. కానీ ఈ ప్రశ్న మిమ్మల్ని వెంటాడుతుంది.

పోలీసులు రాసిన కథలు చదివినప్పుడు నాకు తోచే లోటు ఒకటి ఉంది. చివరికి ఎవరో ఒకరు పట్టుబడతారు, కేసు మూసుకుంటుంది, కథ కూడా దాంతోనే మూసుకుంటుంది. ఇంకొకటి, స్టేషన్‌కు వచ్చినవాళ్ళే లోకమన్నట్టు ఉంటుంది. పోలీసు స్టేషన్ ఉన్న వీధిలో నడవడానికి కూడా భయపడేవాళ్ళు ఆ కథల్లో ఎదురుపడరు, ఎదురుపడితే నిందితులుగానే ఎదురుపడతారు. మన కొండల సంగతే తీసుకోండి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం చెట్లు కొట్టడానికి వచ్చారంటూ తమిళనాడుకు చెందిన 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు అన్నారు, అవి బూటకపు ఎదురుకాల్పులని హక్కుల సంఘాలు అన్నాయి. నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. రేపు మీకు ఎర్రచందనం దొంగరవాణాను అడ్డుకునే టాస్క్‌ఫోర్స్‌లో డ్యూటీ పడితే, రాత్రంతా అడవిలో దాగి కూర్చున్న కానిస్టేబుల్ భయం గురించి మీరు బాగా రాయగలరు. అది ఎవరూ రాయనిదే, రాయండి. మరి కూలి ఎక్కువ ఇస్తారని చెబితే తిరువణ్ణామలై వైపు కొండల నుంచి లారీ ఎక్కి వచ్చినవాడి ఇంటి గడపలో కూర్చొని కూడా ఆ రాత్రినే రాయగలరా? అందుకు మీ ఉద్యోగం సాయపడదు, అడ్డుపడుతుంది. నా దృష్టిలో మీ రచనకు పరీక్ష అక్కడ ఉంది. మీ ఎఫ్ఐఆర్ పరిజ్ఞానంలో కాదు.

మళ్ళీ పలమనేరు కుర్రాడు:

అందరికీ కృతజ్ఞతలు. తెలుగు పాఠం చెప్పిన మేడం అడిగినదానికి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు. హెడ్ కానిస్టేబుల్ సార్‌ను రెండు చిన్న సంగతులు అడుగుతాను. శిక్షణలో ఉన్నప్పుడు సొంత నోటు పుస్తకం ఉంచుకోనిస్తారా? ఆ సగం నవలను ఏం చేయమంటారు? అందులో మొదటి అధ్యాయంలోనే ఎస్సై ఒక్కడే అర్ధరాత్రి నిందితుడి ఇంటికి వెళ్ళి, బీరువా పగలగొట్టి, రక్తం అంటిన కత్తిని జేబు రుమాలులో చుట్టి తీసుకువస్తాడు.

జవాబు: విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, తిరుపతి

పాఠం చెప్పిన అమ్మగారి మాట, కుళాయి దగ్గర విన్న మాట రెండూ నేను ఒప్పుకుంటున్నాను. ఎస్కార్టు డ్యూటీలో ముద్దాయిని తిరుపతి నుంచి చిత్తూరు కోర్టుకు బస్సులో తీసుకెళ్ళేటప్పుడు, ముగ్గురు కూర్చునే సీటులో మా ఇద్దరి పక్కన మూడో మనిషి కూర్చునేవాడు కాదు. వాడి పక్కన కూర్చోవడానికి ఎంత జంకేవారో, నా పక్కన కూర్చోవడానికీ అంతే జంకేవారని చాలా ఏళ్ళకు గానీ నాకు తట్టలేదు. ఖాకీలో ఉన్నవాడికి ఎదుటివాడి సహజమైన మాట సులభంగా దొరకదు. అందుకే సెలవు రోజున లుంగీ కట్టుకొని నీ ఊరి రచ్చబండ దగ్గర కూర్చోవడం మానుకోవద్దు.

శిక్షణ 9 నెలలు ఉంటుంది. తెల్లవారకముందే పీటీ, తర్వాత పరేడ్, ఆ తర్వాత చట్టాల తరగతులు, సాయంత్రం మళ్ళీ మైదానం. తరగతి నోట్సుతో పాటు ఒక చిన్న పుస్తకం ఉంటే ఎవరూ అడగరు. మొదటి రెండు నెలలూ రాత్రి దాన్ని తెరిచే ఓపిక ఉండదు, దానికి బెంగపడకు. స్టేషన్‌కు వచ్చాక మాత్రం డ్యూటీ పాకెట్ నోటుబుక్కును, నీ సొంత పుస్తకాన్ని ఎప్పుడూ కలపవద్దు. సొంతదానిలో పేర్లు, క్రైమ్ నంబర్లు, ఊళ్ళు రాయవద్దు. మనిషి మాట తిప్పిన తీరు, చేతులతో చేసిన పని, అడగకుండా చెప్పిన సంగతి, ఇవి రాసుకుంటే చాలు. రాసినదాన్ని ఏడాది పాటు ఎవరికీ చూపించకు.

నవలను చింపవద్దు. కానీ ఆ ఎస్సైని ఒంటరిగా పంపితే నీ కత్తిని వకీలు గారు అడ్డుపరీక్షలో రెండు ప్రశ్నలతో కొట్టిపారేస్తారు. ముందు ఇద్దరు మధ్యవర్తులను, అంటే సోదాకు సాక్షులుగా నిలబడే బయటివాళ్ళను పిలిపించు. వాళ్ళలో ఒకరు వీఆర్వో అయితే ఆయన నిద్ర లేచి రావడానికి ముప్పావు గంట పట్టనీ, ఆ ముప్పావు గంటలో ఎస్సైకీ ఇంటివాళ్ళకీ మధ్య జరిగేదంతా నీకు దొరికిన అధ్యాయమే. సోదా కోసం బీరువా తెరవడం నుంచి స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా మీద సంతకాలు పెట్టడం దాకా ఇప్పుడు వకీలు గారు చెప్పిన నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీయాలి. కత్తిని రుమాలులో చుట్టకుండా కవరులో పెట్టి, సీలు వేసి, చీటీ మీద మధ్యవర్తుల సంతకాలు తీసుకోవాలి. ఆ సెల్‌ఫోను పట్టుకొని వీడియో తీసే పని ఎస్సై చేయడు, వెనక నిలబడ్డ కొత్త కానిస్టేబుల్ చేస్తాడు. నవలను ఆ కుర్రాడు చెబుతున్నట్టుగా మొదటి నుంచి తిరగరాసి చూడు. శిక్షణలో చేరేలోపు మొదటి అధ్యాయం పూర్తయితే ఇక్కడ పెట్టు, మధ్యవర్తుల నివేదిక సరిగ్గా ఉందో లేదో నేను చూస్తాను.